చరణంలో చిక్కుకున్నవాళ్ళు

ఆదివారం చర్చి వదలగానే హార్లెంలో సగం మంది భోజనానికి ఇంటికి పోతారు, మిగతా సగం మంది మ్యాగ్నోలియా హాలుకి పోతారు. ఆ రెండో సగంలో పాపులే ఎక్కువని పాస్టరుగారి అనుమానం. నిజానికి ఆయన చర్చిలో శ్రుతి తప్పకుండా పాడేవాళ్ళంతా అక్కడే ఉండేవారు. హాలు మెట్ల దగ్గర వేయించిన చేపల వాసన. లోపల టోపీలు, తళతళలాడే బూట్లు, యుద్ధం రోజులు కాబట్టి అక్కడక్కడా ఖాకీ బట్టలు. ఎవరో ఒకరు పియానో మూత ఎత్తుతారు, ఇంకొకరు డ్రమ్స్ ముందు కూర్చుంటారు, ఇక సాయంత్రం దాకా ఎవరికి తోచినట్టు వాళ్ళు వచ్చి కలుస్తారు. వారమంతా డాన్సుల్లో కడుపు కోసం వాయించినవాళ్ళు ఆ ఒక్క పూటా మనసు కోసం వాయించుకునేవారు.

అక్కడ వాయించేవన్నీ అందరికీ వచ్చిన పాటలే. స్టాండర్డ్స్ అంటారు వాటిని. ‘గుమ్మంలో వాన’ అలాంటి పాట. పల్లవి రెండుసార్లు, తర్వాత చరణం, చివర మళ్ళీ పల్లవి. ఒక్కోటీ ఎనిమిది ఆవర్తాలు. అదొక చుట్టు. చుట్టు తర్వాత చుట్టు, ఒక్కో చుట్టూ ఒక్కొక్కరు అందుకుని తమ సొంత కల్పన చేస్తూ పోతారు. కింద పియానో మాత్రం ఎప్పుడూ ఒకటే స్వరాల బాట పరుస్తూ ఉంటుంది. పల్లవిలో పసివాడు కూడా దారి తప్పడు. పేచీ అంతా చరణంతోనే. బాట అక్కడ చటుక్కున పక్కకి తిరుగుతుంది. ఏమరుపాటున ఉన్నవాడు అక్కడే మాయమైపోతాడు.

మాయమైపోతాడంటే మనిషే కనబడడు. మిగతావాళ్ళు పాట ఆపకుండా ఇంకో చుట్టు వాయిస్తే ఆ చుట్టులో చరణం ముగిసేసరికి చెమట తుడుచుకుంటూ, సిగ్గుపడుతూ బయటికొస్తాడు. ఆ పూట అందరికీ బీరు వాడే పోయించాలి. “మీ ఆయనేడి?” అని ఎవరైనా అడిగితే “చరణంలో ఉన్నాడు, వచ్చేస్తాడు” అనేవారు ఆడవాళ్ళు, కాఫీ కాచుకుంటూ. నియమం ఒకటే, పాట ఆగకూడదు. ఆగితే తలుపు మూసుకుపోతుంది. మళ్ళీ ఎప్పుడు తెరుచుకుంటుందో ఎవరి చేతిలోనూ లేదు.

హోసియా టిల్లరీ మాత్రం ఏ చరణంలోనూ ఏనాడూ దారి తప్పలేదు. పెద్ద బ్యాండ్లు వెలిగిన రోజుల్లో ‘గుమ్మంలో వాన’ రికార్డు మీద శాక్సఫోన్ వాయించింది ఆయనే. ఆ రికార్డులో ఆయన వాయించిన ప్రతి స్వరమూ మా వీధిలో క్షవరం చేసేవాడి దగ్గర్నుంచి ఐసు బండివాడి దాకా అందరికీ కంఠోపాఠం. అందరూ ఆయన్ని పాప్స్ అని పిలిచేవారు. కానీ కంఠోపాఠాలు కూడు పెట్టవు కదా. కుర్రాళ్ళంతా సైన్యంలోకి పోయి ఆయన బ్యాండు విడిపోయింది. భార్య ఆర్డెల్ ఊరంతా తిరిగి ఆయనకి ఓడల యార్డులో గోదాము చూసుకునే ఉద్యోగం సంపాదించింది. చేరడం సోమవారం.

“ఈ ఆదివారం తనివితీరా వాయించుకో. రేపట్నుంచి ఆ శాక్సఫోన్ పెట్టె మంచం కిందికి పోవాలి” అంది ఆవిడ, చర్చికి పోతూ.

“పోతుందిలే” అన్నాడు హోసియా. ఆయన మాట తప్పే మనిషి కాదు.

ఆ రోజు పియానో ముందు కూర్చున్నవాడు వెండెల్ ప్రాక్టర్. ఇరవై మూడేళ్ళు. బీబాప్ అని అప్పటికింకా పేరు కూడా కుదరని కొత్త బాణీలో వాయించే కుర్రాళ్ళకి వాడు మొనగాడు. మర్నాడు రికార్డు కంపెనీలో వాడికి మొట్టమొదటి పిలుపు. చిన్నప్పుడు హోసియా రికార్డుని గీతలు అరిగిపోయేదాకా విన్నాడు వాడు. అలాంటి హోసియా కిందటి ఆదివారం వీడి వాయింపు విని, అందరికీ వినబడేలా, “మెట్ల మీంచి గిన్నెలు దొర్లినట్టుంది” అన్నాడు. హాలంతా నవ్వింది. ఇంకెవరన్నా అని ఉంటే దులుపుకుని పోయేవాడే. అన్నది ఆయన కాబట్టి ఆ మాట వాడికి వారమంతా అన్నం సహించనివ్వలేదు.

హోసియా శాక్సఫోన్ మెడకి తగిలించుకుని, “గుమ్మంలో వాన” అన్నాడు.

ఏ శ్రుతిలో అన్నది నోటితో చెప్పరు, వేళ్ళు చూపిస్తారు. వెండెల్ ఒక చేతి వేళ్ళన్నీ, రెండో చేతి వేలు ఒకటీ నేల వైపు చూపించాడు. ఆ శ్రుతిలో శాక్సఫోన్ వాయించడమంటే చలికాలం చేతి తొడుగులు వేసుకుని సూదిలో దారం ఎక్కించడమే. నిలువెత్తు తీగల వాయిద్యం బేస్ పట్టుకుని నిలబడ్డ సైలస్ ఇబ్బందిగా దగ్గాడు.

“మా మామగారింట్లో పియానో ఆ ఒక్క శ్రుతిలోనే పలికేది. పెళ్ళి చూపుల్లో దాంతోనే నెగ్గుకొచ్చాను. ఊఁ, కానివ్వు బాబూ” అన్నాడు హోసియా.

మొదటి చుట్టు వెన్నపూసలా సాగింది. జనం కళ్ళు మూసుకుని ఆయనతో పాటు కూనిరాగం తీశారు. వెండెల్‌కి ఒళ్ళు మండింది. రెండో చుట్టు చరణం రాగానే వాడు కింద బాట మార్చేశాడు.

అది కొత్త కుర్రాళ్ళ ఆట. వాయించడం రానివాడెవడైనా వేదికెక్కి విసిగిస్తుంటే బాటని మెలి తిప్పుతారు. వాడు నాలుగు తప్పుడు స్వరాలు పలికి తల దించుకుని దిగిపోతాడు. వెండెల్ కోరుకున్నదీ అంతే, ముసలాయన ఒక్క తప్పు పలకాలి. ఆయన తప్పేమీ పలకలేదు. పాట నడుమ శాక్సఫోన్ ఆగింది, ఆయన నిలబడ్డ చోట ఎవరూ లేరు.

హాలు ఘొల్లుమంది. “పాప్స్ ఇవాళ బీరు పోయిస్తున్నాడహో” అని ఎవరో కేకేశారు. డ్రమ్స్ మీద ఉన్న క్లెమ్ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. పాతికేళ్ళు హోసియాతో కలిసి ఊరూరా తిరిగినవాడు, ఆయన చరణంలో చిక్కుకునే రోజు చూస్తాననుకోలేదు పాపం. ఇంకో చుట్టు వాయించారు. చరణం వచ్చింది, పోయింది. చివరి పల్లవిలో శాక్సఫోన్ లేదు.

ఇంకో చుట్టు. ఇంకోటి. నవ్వులు సద్దుమణిగాయి.

క్లెమ్ పుల్లలు ఆపకుండానే పియానో వైపు వంగాడు. “ఏం చేశావురా?”

“చరణంలో కొంచెం మార్చాను.”

“ఎంత కొంచెం?”

వెండెల్ తర్వాతి చుట్టు అందుకున్నాడు.

“ఆయన పోయిన తలుపు వేరు, మనం తడుతున్న తలుపు వేరు. అదే మళ్ళీ వాయించు” అన్నాడు క్లెమ్.

“గుర్తు లేదు.”

క్లెమ్ మొహం చూసి సైలస్‌కి సంగతి అర్థమైంది. అయినా వేళ్ళు ఆపలేదు.

ఆర్డెల్ వచ్చేసరికి హాల్లో ఎవరూ డాన్సు చేయడం లేదు. చర్చి టోపీ ఇంకా తల మీదే ఉంది, చేతిలో బట్ట కప్పిన పళ్ళెం, అందులో కోడి తొడ, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె. వేదిక మీద ఖాళీ చోటు చూసి కుర్చీ లాక్కుని కూర్చుంది.

“చరణంలోనా?” అంది.

“అవునమ్మా.”

“ఎన్ని చుట్లయింది?”

ఆవిడ ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చి వెండెల్ దగ్గర ఆగింది. తప్పు చేసినవాడి మొహం ఇద్దరు కొడుకుల్ని పెంచిన ఆడదానికి ఒకరు చూపించక్కర్లేదు. పళ్ళెం కింద పెట్టేసింది.

“వెతుకు. ఒక్కో చుట్టూ ఒక్కో రకంగా వాయించు. ఎక్కడో ఒకచోట తగులుతుంది” అంది.

వెతికాడు. ఒక చుట్టులో ఒక మెలిక, ఇంకో చుట్టులో ఇంకొకటి. ఉక్రోషంలో చేసిన పని కదా, చేతులు చేశాయి గానీ బుర్ర చూడలేదు. నడక ఒక పిసరు మందగిస్తే కూడా తలుపు జారిపోతుందని జనానికి తెలుసు. అందుకే హాలంతా లేచి నిలబడి రెండో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా మెల్లగా చప్పట్లు కొడుతూ నడకని నిలబెట్టింది. సైలస్ వేళ్ళు చిట్లి తీగ మీద రక్తం కనబడింది. ఇంకో బేస్ వాయిద్యగాడు వెనక నుంచి వచ్చి ఒక్క స్వరం పోకుండా అతని చేతుల్లోంచి అందుకున్నాడు. క్లెమ్‌ని లేవమంటే లేవలేదు. “హోసియా నా దెబ్బ విని వస్తాడు. ఇంకొకడి దెబ్బ ఆయనకి తెలీదు” అన్నాడు. అతని కుడి మణికట్టు అప్పటికే వాచింది.

ఒక చుట్టులో చరణం ముగుస్తుండగా వేదిక మీద మనిషి కదిలాడు. ఆర్డెల్ దిగ్గున లేచింది. హోసియా కాదు, ఆ మెలికకి తెరుచుకున్నది ఇంకెవరి తలుపో. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడో పోయిన ఫ్యాషన్ కాలరు తొడుక్కుని, చేతిలో బాంజో పట్టుకున్న మనిషి. బాల్టిమోర్‌లో ఒక హాల్లో ఇదే పాట వాయిస్తూ పోయాడట. పేరు ఒబడయా.

“మావాళ్ళేరి?” అన్నాడు చుట్టూ చూసి.

బాంజో పట్టుకుని బ్యాండులో కూర్చునే రోజులు ఎప్పుడో పోయాయని, అతనివాళ్ళలో ఇంకా బతికున్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చని ఎవరూ చెప్పలేదు. ఎవరో కుర్చీ జరిపారు. ఆర్డెల్ తెచ్చిన పళ్ళెం అతని ఒళ్ళో పెట్టింది.

“తిను బాబూ. తింటూ చెప్పు. లోపల శాక్సఫోన్ పట్టుకున్న మనిషి కనబడ్డాడా?”

“ఉన్నాడమ్మా” అన్నాడు ఒబడయా, రొట్టె విరుచుకుంటూ. “దారి తప్పిన మొహం కాదు ఆయనది. ఎవరో రమ్మని పిలిచి, తీరా వెళ్ళేసరికి వాళ్ళు లేచి వెళ్ళిపోతే, గుమ్మంలో నిలబడిపోయినవాడిలా ఉన్నాడు.”

వెండెల్ చేతులు పల్లవి వాయిస్తూనే ఉన్నాయి.

“నేనే” అన్నాడు. చప్పట్ల మధ్య ఆ మాట ముందు వరసవాళ్ళకే వినబడింది. “నేను చరణం పూర్తిగా వాయించలేదు. ఆరు ఆవర్తాలు వాయించాక ఎటు పోవాలో నాకే తెలీలేదు. భయమేసి పాతదాన్లోకి దూకేశాను. పాప్స్ తప్పలేదు. నా వెంట వచ్చాడు. నేనే వదిలేసి వచ్చాను.”

క్లెమ్ ఏదో బూతు అన్నాడు. ఆదివారం కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

ఆర్డెల్ పియానో దగ్గరికి వెళ్ళి నిలబడింది. కొడుతుందనుకున్నారు అందరూ. కొట్టి ఉన్నా ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

“మరి ఈసారి పూర్తిగా పో” అంది.

“అవతల బాట లేదు మిస్ ఆర్డెల్. నాకు తెలీదు. పోతే రాగలనో లేదో.”

“తెలీకుండానే ఆయన్ని తీసుకుపోయావుగా.”

వెండెల్‌కి మర్నాటి పిలుపు గుర్తొచ్చే ఉంటుంది. దానికోసం అద్దెకి తెచ్చుకుని ఆ పూటే వేసుకొచ్చిన సూటు, స్టేషన్ దాకా వచ్చి సాగనంపిన తల్లి కూడా గుర్తొచ్చే ఉంటారు. రెండు చుట్లు అలాగే పాత బాటలో వాయించాడు. ఎవరూ తొందర పెట్టలేదు. క్లెమ్ మణికట్టు ఇంక ఎంతోసేపు ఆగదని మాత్రం అందరికీ కనబడుతూనే ఉంది.

మూడో చుట్టు చరణంలో వాడు బాట మార్చాడు. ఈసారి వెతుక్కోలేదు. భయం ఎక్కడ మొదలైందో చెప్పేశాక మిగతాదంతా దానంతటదే గుర్తొచ్చినట్టుంది. ఒకటి, రెండు, మూడు ఆవర్తాలు. నాలుగో దాంట్లో ఎక్కడో గోడ వెనక నుంచి శాక్సఫోన్ సన్నగా పలికింది. ఆర్డెల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయిదు, ఆరు. అక్కడ వెండెల్ ఒక్క క్షణం తల ఎత్తి హాలు వైపు చూశాడు. తర్వాత ముందుకి వంగి, ఇంతవరకూ ఎవరూ వాయించని స్వరాల మీద రెండు చేతులూ వేశాడు.

పియానో ఆగింది. బల్ల మీద ఎవరూ లేరు.

చప్పట్లు మాత్రం ఆగలేదు. బేస్, డ్రమ్స్, చప్పట్లు, అంతే. చివరి పల్లవి మొదలవుతూనే శాక్సఫోన్ వేదిక నడుమ నుంచి ఘనంగా అందుకుంది. హోసియా నిలబడి ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది, టోపీ లేదు, కళ్ళు మూసుకుని ఉన్నాడు. హాలంతా అరిచింది. క్లెమ్ ఏడుస్తూ వాయిస్తున్నాడు. ఆర్డెల్ వేదికెక్కేసింది.

ఇక్కడ జరిగింది చెప్పాలంటే నాకిప్పటికీ నోరు రాదు. ఎవరి తప్పూ లేదు. పల్లవి చివర హోసియా, ఊపిరి పీల్చుకున్నంత మామూలుగా, తన రికార్డు ముగింపులో వాయించిన ఆ నాలుగు స్వరాల పలుకు పలికాడు. పాతికేళ్ళుగా ఆ పలుకు వినబడితే క్లెమ్ చెయ్యి చేసే పని ఒక్కటే. చేసేసింది. పెద్ద తాళం మీద ముగింపు దెబ్బ పడింది. బేస్ ఆగింది. చప్పట్లు ఈలల్లో కలిసిపోయాయి.

పాట అయిపోయింది.

హోసియా కళ్ళు తెరిచి పియానో వైపు తిరిగాడు. “కుర్రాడేడి?” అన్నాడు. “నా పక్కనుంచే ముందుకి పోయాడు. వాడు పోతుంటేనే నాకు దారి కనబడింది. వెనకే వస్తాడనుకున్నా.”

ఇంకొక్క చుట్టు వాయించి ఉంటే వచ్చేసేవాడు. ఒక్క చుట్టు. క్లెమ్ తన చేతిలో పుల్లని పురుగుని చూసినట్టు చూశాడు. వెంటనే మళ్ళీ మొదలుపెట్టారు. వేరే కుర్రాడు పియానో ముందు కూర్చున్నాడు, దీపాలు పెట్టేదాకా వాయించారు. ఎవరూ రాలేదు.

సోమవారం హోసియా ఓడల యార్డుకి పోయాడు, పోక తప్పదు. శాక్సఫోన్ పెట్టె మాత్రం మంచం కిందికి పోలేదు. దాన్ని వంటింటి బల్ల మీద ఆర్డెలే తెరిచి పెట్టింది. “నేనే పొమ్మన్నాను వాణ్ణి” అంది, అంతే. ఆ ఇంట్లో దాని గురించి ఇంకో మాట నడవలేదు.

తను నడిచిన ఆరు ఆవర్తాలూ హోసియాకి తెలుసు. మిగతా రెండూ వెతకాలి. గిన్నెలు దొర్లినట్టుందన్న బాణీని అరవై దగ్గరపడ్డాక ఓనమాలు దిద్దినట్టు నేర్చుకున్నాడు. మనవల వయసు కుర్రాళ్ళని ఇంటికి పిలిచి, కోడికూర పెట్టి, “ఇక్కణ్ణించి ఎటు పోతార్రా?” అని అడిగేవాడు. వాళ్ళు మొదట్లో చాటుగా నవ్వుకున్నారు. తర్వాత నవ్వు మాని ఆయన దగ్గరే నేర్చుకున్నారు. ఆదివారం ఆదివారం మ్యాగ్నోలియాలో ఆ చరణం మోగేది, ఒక్కో వారం ఒక్కో ముగింపుతో. క్లెమ్ ఆ తర్వాత జన్మలో వేదిక మీద తలకాయలు లెక్కపెట్టుకోకుండా ముగింపు దెబ్బ వేయలేదు. ఒబడయా బాంజో పక్కన పెట్టి హాలు తలుపు దగ్గర టిక్కెట్లు చింపేవాడు. ఇంకెక్కడికి పోతాడు?

యుద్ధం ముగిసింది. ఇంకో యుద్ధం వచ్చి అదీ ముగిసింది. ‘గుమ్మంలో వాన’కి ఇప్పుడు ఆ కొత్త చరణమే అసలు చరణమైపోయింది. పాతది ఎలా ఉండేదో అడిగితే కుర్రాళ్ళు బుర్ర గోక్కునేవారు. హోటళ్ళలో భోజనాల దగ్గర కూడా అదే వాయించేవారు, ముసలమ్మలు సూపు తాగుతూ తలలు ఊపేవారు. హోసియా పళ్ళు ఊడి కట్టుడు పళ్ళు వచ్చాయి. వాటితో ఊదడం మళ్ళీ మొదట్నుంచి నేర్చుకున్నాడు. మ్యాగ్నోలియాకి జనం పలచబడ్డారు. అయినా ఆర్డెల్ ముందు వరసలో కూర్చుని, ప్రతి ఆదివారం, చరణం వచ్చినప్పుడల్లా టోపీ సరిచేసుకుని చూసేది.

అలాంటి ఒక ఆదివారం చరణంలో ఆరో ఆవర్తం దాటాక హోసియా ఇంతకు ముందెన్నడూ పలకని ఒక పలుకు పలికాడు. వెతికి పలికింది కాదు. అలసిపోయి, ఊపిరి చాలక, వేలు ఎటు పడితే అటు వదిలేశాడు.

పియానో ముందు కూర్చున్న అమ్మాయి ఉన్నట్టుండి పక్కకి జరిగింది. ఆమె పక్కన బల్ల మీద అద్దె సూటు వేసుకున్న ఇరవై మూడేళ్ళ కుర్రాడు ఆయాసపడుతూ కూర్చుని ఉన్నాడు. ముందు క్లెమ్‌ని చూశాడు, తర్వాత ఆర్డెల్‌ని, తర్వాత నెత్తి నిండా తెల్లబడిపోయిన హోసియాని. వాడి కళ్ళు పెద్దవయ్యాయి.

“పాప్స్” అన్నాడు. “ఈ బాట... ఇది నేనిప్పుడే కదా కనిపెట్టాను. మీకెలా వచ్చింది?”

హోసియా శాక్సఫోన్ నోట్లోంచి తీశాడు. వెనక క్లెమ్ చేతులు ఆగలేదు, ఈసారి చచ్చినా ఆగవు.

“నీ కోసం వెతుకుతుంటే వచ్చిందిరా” అన్నాడు. “మాటలు తర్వాత. పల్లవి మిగిలుంది, వాయించు.”